నూట తొంభై ఆరు గ్రాములు

ద్వారకానగర్ మూడో లైన్లో, మెట్లెక్కితే ఆ కొట్టు.
కుర్రాడు ముందు నా కాళ్ళు చూడలేదు,
నెరిసిన పాపిట చూశాడు.
"వాకింగ్‌కా మేడమ్?"
పరుగుకి.
"ఇంట్లో ఎవరికి?"
నాకే.

మూడు డబ్బాలు విప్పాడు.
ఒకటి కొత్త పరుపు మీద నిలబడ్డట్టు,
నేలెక్కడుందో కాలికి కబురందదు.
ఇంకొకటి బిగువు, పిల్లల స్కూలు బూటులా
చిటికెన వేలితో తగువు పెట్టుకుంది.
మూడోది అరచేతిలో పెడితే
ఏమీ పెట్టలేదేమో అని మళ్ళీ చూసుకున్నాను.
"నూట తొంభై ఆరు గ్రాములు" అన్నాడు
తనే కని పెంచినట్టు.
ధర చీటీ మాత్రం బరువుగా వేలాడుతోంది.

"ఇది రేసుకి, అది రోజుకి. రెండూ తీసుకోండి."

కేజీహెచ్ రక్తపరీక్షల గదిలో
పద్దెనిమిదేళ్ళు నిలబడ్డ కాళ్ళివి.
ఎడమది కుడిదానికంటే బియ్యపుగింజంత పొడుగు.
ఈ సంగతి ఏ కంపెనీకీ తెలీదు,
నాకూ ఆ కొట్టు స్టూలు మీదే తెలిసింది.
ఆలోచించి వస్తానన్నాను.
అలా అన్నవాళ్ళు రారని అతని మొహం అంది.

సన్యాసిరావు మాస్టారు డాక్‌యార్డులో రిటైరై
కోస్టల్ బ్యాటరీ దగ్గర అయిదింటికల్లా
మా పదకొండుమందికీ ఈల ఊదుతారు.
"కొట్లో తూకం ఏసీలో తూకమమ్మా.
మనూళ్ళో బూటుని చెమటతో తూచాలి."
ఫెలీషియాది నా సైజే, ఆ మూడో రకమే.
ఒక్క పూటకి అడిగి తొడుక్కున్నాను.

పాండురంగపురం దిగుడులో
ప్రతి కంకరరాయీ తన పేరు చెప్పుకుంది.
సబ్‌మెరైన్ దాటాక
కాళ్ళు నావి కాదనిపించింది,
ఎవరో పద్నాలుగేళ్ళ పిల్లవి,
బడిగంట మోగాక బయల్దేరినవి.
లాసన్స్ బే దగ్గరికొచ్చేసరికి
అక్టోబరు గాలి తడిగుడ్డలా మొహాన పడింది.
మడమల్లో నీళ్ళు, వేళ్ళ మధ్య నీళ్ళు,
అడుగు తీసి అడుగు వేస్తే చప్ చప్.

పెద జాలరిపేటలో కాటా ముందు కూర్చునుంది నూకాలు.
"ఏటే, నెత్తళ్ళా, కవ్వళ్ళా?"
ఒక బూటు విప్పి పళ్ళెంలో పెట్టాను.
ఉప్పు పట్టిన ఆ ఎర్ర అంకెలు
కాసేపు ఊగి నిలబడ్డాయి. రెండొందల యాభై ఒకటి.
"కొట్లో నూట తొంభై ఆరే" అన్నాను.
"అయితే నీ సెవట యాభై అయిదుందన్నమాట!
నానిలాగ తడిపి అమ్మితే ఊరుకుంతావా?"
బూటులో చెయ్యి పెట్టి
తోలుబొమ్మలా ఇటూ అటూ ఆడించింది.
"లోపల గాలి తప్ప ఏటీ లేదు కదే.
గాలికి ఎంతిచ్చారు?"
నేను సగం ధరే చెప్పాను.
దానికే రొయ్యల బుట్ట పక్కకి నెట్టి
కడుపు పట్టుకు నవ్వింది.

తిరుగుదారిలో లెక్కలు కట్టాను.
ఒక్కో అడుగుకి ఇన్ని గ్రాములు,
ఇరవై ఒక్క కిలోమీటర్లకి ఇన్ని వేల అడుగులు,
గుణిస్తే కాటాకెక్కని బరువొచ్చింది.
కూడికలో ఎక్కడో తప్పు చేసుంటాను,
లేకపోతే ఎవరమూ ఇల్లు చేరం.

జీతం పడ్డ రోజు మెట్లెక్కాను.
కుర్రాడు గుర్తుపట్టాడు, కుర్చీ వేశాడు.
ఈసారి కాళ్ళే చూశాడు.
పరుపులాంటిది రోజుకి, అర సైజు ఎక్కువ,
ఎడమ కాలి మాట చెల్లేలా.
గాలిలాంటిది రేసుకి.
రెండో దాని డబ్బులు ఫ్రిజ్ రిపేరువి.
ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు బాల్కనీలో
పాత పేపరు కుక్కుకుని ఆరుతోంది రోజువారీ జోడు,
ఉప్పు గీతలతో, బీచ్ రోడ్డు మురికితో,
పెరుగు పులిసిన వాసనతో.
పోర్టు బొగ్గు నుసి కూడా వాలుతుంది దానిమీద,
తుడవడం మానేశాను.

రెండోది బీరువా కింద అరలో.
రేసుకింకా పందొమ్మిది రోజులు.
తొడగను, మాస్టారికి మాటిచ్చాను.
పడుకునే ముందు మాత్రం మూత కొంచెం ఎత్తుతాను.
తెల్లగా, పొడిగా,
ఇంకా మా ఊరు తెలియకుండా
ఉన్నాయి.